ఊరికే పాఠం చెప్పిన సూర్యకుమారి గారు

ఏంటీ, డబ్బులు తీసుకోకుండా నేర్పితే ఎవరూ లెక్కచెయ్యరంటున్నారా మీ కమిటీవాళ్ళు? ఎవరన్నారు, మీ నాన్నేనా? కూర్చో నాగసతీషూ. ఆ కుర్చీ వద్దు, దాని కాలు ఊగుతుంది, ఇలా అరుగుమీద కూర్చో. నాటకాల పండగ పెడుతున్నారు, పొద్దున్నపూట కళాకారులకి ఉచితంగా క్లాసులు చెప్పిస్తున్నారు, నన్నూ ఓ పాఠం చెప్పమంటున్నారు, మంచిదేగా. ఇదేం కొత్త కాదు నాయనా. మీ నాన్నకి పెళ్ళి కాకముందే ఇదే కొత్తపేటలో జరిగింది. సూర్యకుమారి గారని... నువ్వు వినుండవులే, ఆవిడ పోయి చాలా కాలమైంది. ఈవేళ జనం నన్ను కామాక్షమ్మ గారూ అని పిలుస్తున్నారంటే అది ఆవిడ పుణ్యమే.

పద్యనాటకాల్లో రాణి వేషమంటే ఆవిడదే. రాజోలు నుంచి అమలాపురం దాకా, ఏ ఊళ్ళో నాటకం అనుకున్నా ముందు ఆవిడ తారీకు చూసుకునేవారు. ఆ రోజుల్లో ఒక పద్ధతుండేది, చెబితే నవ్వుతావు. పద్యం ఎవరి వరస వాళ్ళదే. అంటే ఎక్కడ లాగాలి, ఎక్కడ తగ్గించాలి, ఆ బాణీ అన్నమాట. అది ఇంకోళ్ళకి చెప్పేవారు కాదు. తలుపులేసుకుని సాధన చేసేవారు. మా వీధిలో ఒకావిడైతే హార్మనీ ఆయన్ని కూడా గోడవేపు తిరిగి వాయించమనేదిట. మరి నీ వరస నేను నేర్చేసుకుంటే నీ వేషం నాకొస్తుంది కదా. కడుపుమీద దెబ్బ. అలాంటి రోజుల్లో సూర్యకుమారి గారు, నాటకాల పోటీలకి వచ్చే ఆడపిల్లలందరికీ పొద్దున్నపూట నేను చెబుతాను, పైసా వద్దు అన్నారు. తోటివాళ్ళు ఊరుకుంటారా? "ఏమే సూర్యకుమారీ, నీ ఇంటి తాళాలు కూడా పంచిపెడతావా ఏంటే" అన్నారు. ఈవిడ తొణికితేనా. "తాళాలు పంచితే పంచేనుగానీ, మీరు మాత్రం రాకండి, మీకు తాళం లేకపోయినా ఇంట్లో దారి తెలుసు" అన్నారు. అలా ఉండేది నోరు.

క్లాసెక్కడనుకున్నావు, కొబ్బరికాయలు వలిచే షెడ్డులో. ఒకపక్క కాయల రాశి, ఇంకోపక్క మేం. ఎవరో మహానుభావుడు ఆత్రేయపురం నుంచి పూతరేకులు పంపించేడు. ప్రేమతోనే పంపించేడు పాపం, కానీ పద్యం పాడేవాళ్ళకి పొద్దున్నే పూతరేకులు పెడతారా ఎవరైనా? ఆ పంచదార పొడి గొంతుకి అడ్డంపడి, ఒక పిల్ల సా అనబోయి తుమ్మింది. ఆ... ఏం చెబుతున్నాను? నా సంగతి. మా అమ్మ మంచంలో ఉంది, నా వేషాల మీదే పొయ్యి వెలగాలి. కాంట్రాక్టరు బాపిరాజు గారని, నాటకాలకి మనుషుల్ని కుదిర్చే ఆయన, ఆ సాయంత్రం ఆటకి నాకు రాణి వేషం ఇచ్చేరు. ఇచ్చి, "చూడమ్మాయ్, అడవిలో పద్యానికి వన్స్ మోర్ పడాలి. అచ్చం సూర్యకుమారిలా పాడాలి. పడకపోతే రేపు బస్సెక్కెయ్యి, ఇంకొకళ్ళని చూసుకుంటాను" అన్నారు. "ఆయ్, అలాగేనండి" అన్నాను. ఇంకేమంటాను?

ఆ పద్యంలో రాణి అడవిలో ఒంటరిగా నిలబడి మొగుణ్ణి పిలుస్తుంది. సూర్యకుమారి గారు "ప్రాణ" అని ఆగిపోయేవారు. ఒక్క క్షణం. తరవాత "నాథా" అని అందుకునేవారు. ఆ ఆగడానికే జనం వన్స్ మోర్ అని గోలెత్తేవారు. సరే, క్లాసులో ఒక్కొక్కళ్ళనీ పాడమన్నారు. మొదటి పిల్ల పాడింది, "ప్రాణ" దగ్గర ఆగింది. రెండోది ఆగింది. నేనూ ఆగేను, ఇంకో క్షణం ఎక్కువే ఆగేను, బాగుంటుందని. ఆవిడ మావంక వింతగా చూసి, "ఎందుకే అందరూ అక్కడ ఆగుతున్నారు?" అన్నారు. "మీ వరసేనండి" అన్నాను. అంతే, నవ్వడం మొదలెట్టేరు. నవ్వి నవ్వి దగ్గు ముంచుకొచ్చి, స్తంభం పట్టుకుని నిలబడి, "అది వరస కాదే పిచ్చిమొహాల్లారా, నా ఆయాసం. నాకు ఉబ్బసం. అక్కడికొచ్చేసరికి ఊపిరాడదు, ఆగిపోతాను" అన్నారు.

అలా అంటుంటే గుమ్మంలో బాపిరాజు గారు నిలబడున్నారు నాయనా. ఆవిడ ముందే చూసేరు కూడా. ఉబ్బసం ఉందని తెలిస్తే వేషాలివ్వరు. అన్నేళ్ళూ దాచుకున్నారు. అది వరసేలే అని ఊరుకుంటే సరిపోయేది కదా, మేం జీవితాంతం ఆ రోగాన్నే సంగీతం అనుకుని పాడుకునేవాళ్ళం. ఊరుకోలేదు. నన్ను పిలిచి, చాపమీద పడుకోబెట్టి, నా చెయ్యి నా పొట్టమీదే పెట్టించేరు. "ఇప్పుడు పాడు. నా ఊపిరి నీకెందుకు? నీ ఊపిరి ఎక్కడ అయిపోతే అక్కడ ఆగు" అన్నారు. పాడితే ఆ పాదం చివరిదాకా వెళ్ళిపోయేను. నాకంత ఊపిరుందని నాకే తెలీదు.

సాయంత్రం దీపాలు పెట్టే వేళకి ఆట. ఆవిడలా ఆగితే వన్స్ మోర్ ఖాయం. ఆగకపోతే అమ్మకి మందుల్లేవు. "ప్రాణ" దాకా వచ్చేను, ఆగుదామనే అనుకున్నాను, చెయ్యి ఎందుకో పొట్టమీదకి వెళ్ళింది. అంతే, "ప్రాణనాథా" అని ఒక్క గుక్కలో అనేసేను. పద్యం అయిపోయింది. ఒక్కళ్ళు అరవలేదు. చప్పట్లు లేవు, ఈల లేదు. అయిపోయిందిరా బాబూ అనుకుంటూ తెర పక్కకి వస్తే, బాపిరాజు గారు మొహం గంటు పెట్టుకుని ఉన్నారు. "వన్స్ మోర్ పడలేదేం" అన్నారు. ఆయన పక్కనే సూర్యకుమారి గారు. "బాపిరాజు గారూ, ఓసారి జనంలోకి చూడండి. కళ్ళు తుడుచుకునేవాళ్ళు ఈలెలా వేస్తారండీ?" అన్నారు. ఆయన తెర సందులోంచి అటు చాలాసేపు చూసేరు. చూసి, "బస్సెక్కొద్దులే, వాడపల్లిలో ఆట ఉంది" అన్నారు. ఆ తరవాత నేను వెనక్కి చూసుకోలేదు.

ఆవిడకి మాత్రం ఆ ఉబ్బసం మాట ఊళ్ళన్నీ తిరిగింది. వేషాలు తగ్గిపోయేయి. నేను వెళ్ళి ఏడిస్తే, "ఎప్పటికైనా తెలిసేదే, ఇలా తెలిసినందుకు పదిమందికి పాటైనా వచ్చింది" అన్నారు. మరుసటేడు పాఠం నన్ను చెప్పమన్నారు. అదే షెడ్డు. పిల్లలందరూ చాపలమీద కూర్చున్నారు. వాళ్ళ మధ్యలో, ఒక చిన్నపిల్లని పక్కకి జరగమని, ఆవిడ కూడా కూర్చున్నారు. "మీరేంటండీ ఇక్కడ" అన్నాను. "ఏం, ఊరికే చెబుతున్నారని విన్నాను, రాకూడదా" అన్నారు. నా వంతు వచ్చిందని లేచి, "అమ్మాయ్, ఆ అడవి పద్యం ఆయాసం రాకుండా పాడాలంటే నేనెక్కడ ఊపిరి తీసుకోవాలో చూడు. నాకు తెలియట్లేదు" అన్నారు. ఆవిడ. నన్ను. అడిగేరు. పక్కన కూర్చుని, నా చెయ్యి ఆవిడ పొట్టమీద పెట్టి, శ్రుతి తగ్గించమని హార్మనీ ఆయనకి చెప్పి, ఇక్కడండీ, మళ్ళీ ఇక్కడండీ అని చూపించేను. పాడేరు. చివరిదాకా పాడేరు నాయనా. పాడి, నా చెయ్యి అలాగే పట్టుకుని...

...

ఎండ దిగిపోయినట్టుంది. దొడ్లో బట్టలు ఆరేసేను, మంచుకి తడిసిపోతాయి. నువ్వెళ్ళు, రేపు పొద్దున్న క్లాసుకి వస్తాను, ఆటో నువ్వే పంపించు.