రెండో గుమ్మడికాయ

ఆయుధపూజకు ముందురోజు సాయంత్రం. బొమ్మసంద్ర ఫ్యాక్టరీలో కొత్తగా బిగించిన వెల్డింగ్ రోబో దగ్గర ఇద్దరే మిగిలారు: షిఫ్టు మేనేజరు, ఒకప్పుడు ఆయనకు పని నేర్పిన వెల్డరు.

“రేపు దీని ముందర గుమ్మడికాయ నువ్వే కొట్టాలన్నా.”

“ఏటా మన పాత వెల్డింగ్ సెట్టుకు కదప్పా నేను కొట్టేది?”

“నువ్వు కొడితే మనోళ్లంతా దీన్ని ఒప్పుకుంటారు. నా మాట ఎవరూ వినేట్టు లేరు.”

“ఒప్పుకుంటే మా పనులు ఉంటాయా?”

“టీ తాగుదాం రా అన్నా.”

“అడిగినదానికి చెప్పు.”

“ముందు నీదే పోతాది. పూజ అయినాకనే చెప్పమన్నారు పైవాళ్లు. నీచేత కాయ కొట్టించి, ఆమీట చెప్పేకి నాకు మనసు రాలేదన్నా.”

“అందుకేనా ఈమధ్య నా పక్కన కూర్చోని తినకుండా ఉండావు?”

“ఏ మొగం పెట్టుకోని కూర్చునేది?”

“ఏడవద్దు. కొడతాలే. కాయలు మాత్రం రెండు తెప్పించు.”

“రెండోది దేనికన్నా?”

“నీకు దిష్టి తీసేకి. మేమంతా పోయినాక, మాకు నచ్చజెప్పే నీతో వాళ్లకేం పని ఉంటాదప్పా?”