మునిగినా చావని ఎర్ర వడ్లు

ఏంటే లిపీ, ముద్ద పట్టుకుని అలా దిక్కులు చూస్తున్నావ్? ముతక బియ్యమనా, ఎర్రగా ఉందనా? తిను తిను, వడియాల పొడి నంజుకో. కాపరానికొచ్చిన కొత్తలో నేనూ నీలాగే ముక్కు విరిచేదాన్ని. మా అత్త కేతకి ఏమందో తెలుసా? "మూతి సంగతి తర్వాత తల్లీ, కడుపునడుగు" అంది. మనిషి ఇంతే ఉండేది గానీ, నోరు విప్పితే మహానది అవతలి గట్టుకి వినపడేది.

అప్పటికే ఊరంతా తెల్ల సన్నాలకి మారిపోయింది. ఎర్ర వడ్లు మా పల్లపు చేలో తప్ప ఎక్కడా లేవు. మార్గశిర లక్ష్మివారాలకి, అదే గురువారాల పూజకి, అమ్మవారని నిలిపే కొలమానికలో అవి పోయనిచ్చేవాళ్ళు కాదు, తెల్లవే కావాలి. "కేతకీ, నీ వడ్లు కోళ్ళకెయ్యి" అనేది మునసబు నబఘన పెళ్ళాం. దాని జడకి నాగబిళ్ళ ఉండేదిలే... ఏం చెప్తున్నా? ఆ, వరద. మీ మామ, అదే నా కొడుకు, అప్పుడు చంకబిడ్డ. ఏటిగట్టు తెగి చేలన్నీ మునిగిపోయాయి. పది రోజుల పైనే పట్టింది నీళ్ళు దిగడానికి. దిగాక చూస్తే ఏముందీ, బురదకి అంటుకుపోయిన కుళ్ళు గడ్డి! పంట పోయిందని పెద్దలు అనేశాక పశువుల్ని చేలల్లోకి వదిలెయ్యడం మన రివాజు కదా, ఎవరి చేనని చూడరు. నబఘన "వదలండ్రా" అన్నాడు. మా అత్త కర్రట్టుకుని గట్టు మీద కూర్చుంది. "నా పైరు చావలేదు, ఊపిరి బిగబట్టింది! మొదలు నొక్కి చూడు, గట్టిగా ఉందా లేదా? ఇందులో ఒక్క డెక్క పడిందంటే ఊరుకోను!" మా మామ తల పట్టుకున్నాడు. "ఒసేయ్, మరి మన ఎడ్లేం తింటాయే? అవి పోతే దున్నేదెవరు?" ఆయన మాటా నిజమే, వాటి డొక్కలు లోపలికి పోయాయి.

ఏం చేసిందనుకున్నావ్? నిచ్చెనేసుకుని ఇంటి కప్పెక్కింది. కప్పిన గడ్డి పీకి ఎడ్లకేసింది! రోజూ అంతే, కాస్త పీకడం, మళ్ళీ పోయి గట్టు మీద కూర్చోవడం. "పిచ్చి ముదిరింది" అన్నారు. నాలుగెండలు కాశాయో లేదో, ఆ కుళ్ళులోంచి పచ్చగా సూదుల్లా మొలకలే! ఓలమ్మో, నేను ఏడ్చేశాను.

ఆ ఏడు ఊళ్ళో తెల్ల గింజన్నది లేదు. మార్గశిరం వచ్చేసరికి అమ్మలక్కలంతా మానికలు పట్టుకుని మా గుమ్మంలో నిలబడ్డారు, నబఘన పెళ్ళాంతో సహా. "కోళ్ళకా, లక్ష్మికా?" అనడిగింది మా అత్త. అడిగి, ఆవిడ తల దించుకునే లోపే మానిక పొర్లేలా పోసింది. విత్తనానికీ ఇచ్చింది అందరికీ. అలాంటి మనిషిని మళ్ళీ చూడలేదమ్మా నేను.

అన్నట్టు, గడ్డి పీకినన్ని రోజులూ రాత్రుళ్ళు వాన పడుతూనే ఉంది. నా మీద గానీ బిడ్డ మీద గానీ ఒక్క చుక్క పడలేదు. ఎలాగా అని ఓ పొద్దున పైకి చూశాను. మా వైపు కప్పు చెక్కుచెదరలేదు. ఆవిడ మంచం మీద మాత్రం ఆకాశం కనిపిస్తోంది. ఇదేంటత్తా అంటే, "నాకు ఉక్కపోత ఎక్కువే, గాలాడాలి" అంది.

వానలో ఉక్కంట...

తిను. అడుగు మాడు నాకుంచు.