వీరమ్మ వేలి మీద సిరా

ఈ సభకు అధ్యక్షత వహిస్తూ, నేను మైకు పట్టుకున్న దగ్గర్నుంచీ గడియారం వంక చూసుకుంటున్న మా ప్రధానోపాధ్యాయులు పానకాలు గారికీ, ఆశీర్వదించడానికి వచ్చిన పాస్టర్ మార్క్ గారికీ, ముందు వరుసలో కూర్చున్న ఊరి పెద్దలకూ, వెనక వరుసలో కూర్చుంటే నాకు కనపడమనుకుంటున్న నా పాత విద్యార్థులకూ, తోటి ఉపాధ్యాయులకూ, ఒక పూట పని మానుకుని వచ్చిన మిరప షెడ్డు ఆడవాళ్లకూ, పొద్దున్నుంచీ పొయ్యి దగ్గరే ఉండి ఇప్పుడే చేతులు తుడుచుకుంటూ గుమ్మంలో నిలబడ్డ మా మధ్యాహ్న భోజనం మల్లేశ్వరికీ, అందరికీ నమస్కారం. మల్లేశ్వరీ, లోపలికి వచ్చి కూర్చో. నీ పులిహోర వాసన నీకంటే ముందే వచ్చేసింది, ఇంక దాచేదేమీ లేదు. (నవ్వులు)

పానకాలు గారు నన్ను శాంతమూర్తి అన్నారు. ఆ మాట అన్నప్పుడు మా ఆయన శ్యామ్ సుందర్ గారు మంచినీళ్లు తాగుతున్నారు. ఆయనకి పొలమారడం మీరంతా చూశారు. (నవ్వులు) రిటైరయ్యే రోజున మనిషి గురించి నిజం చెప్పకూడదని మనకో ఆచారం ఉంది, దాన్ని పానకాలు గారు బ్రహ్మాండంగా పాటించారు, అందుకు కృతజ్ఞురాలిని. కానీ నేను శాంతమూర్తిని కాదు. నాకు కోపం వస్తుంది, వచ్చిందంటే ఓ పట్టాన పోదు. అలాంటి కోపం ఒకటి గత ఎన్నికలప్పుడు వచ్చింది, అదే నన్ను ఈ ఊరికి తీసుకొచ్చింది, దాని సంగతి తేల్చకుండా నేను శాలువాలు మడిచి ఇంటికి వెళ్లలేను.

నా పాఠాల గురించి అందరూ చెప్పారు. నేను చేసిన రెండో ఉద్యోగం గురించి మాత్రం ఎవరూ ఎత్తలేదు. మన టీచర్లందరికీ ఉండేదే, ఎలక్షన్ డ్యూటీ. ఎన్నిసార్లు వెళ్లినా నాకు సిరా కుర్చీయే వచ్చేది. వచ్చినవాళ్ల ఎడమ చూపుడు వేలికి సిరా పూయడం నా పని. సైన్సు టీచరమ్మ కదా, సిరాలో ఏముందో ఆవిడకే తెలుసు, ఆవిడకే ఇవ్వండి అని తోటివాళ్లు తప్పుకునేవాళ్లు. నాకు మాత్రం ఆ కుర్చీ ఇష్టంగా ఉండేది. మిగతావాళ్లు కాగితాలు చూస్తారు, నేను చేతులు చూసేదాన్ని. పత్తి తీసిన చేయి, మగ్గం లాగిన చేయి, పెళ్లై నాలుగు రోజులైనా కాని గోరింటాకు చేయి, అన్నీ నా ముందు ఒకే బల్ల మీదికి వచ్చేవి. ఎంత పెద్దమనిషైనా ఆ ఒక్క క్షణం బళ్లో పిల్లవాడిలా చెయ్యి చాపాల్సిందే. నాకు అంతకంటే ఏం కావాలి. (నవ్వులు)

అప్పట్లో నేను చీరాల దగ్గర పనిచేస్తున్నాను. డ్యూటీ ఈ ఊళ్లో, ఇదే బళ్లో, అదిగో ఆ ఎనిమిదో తరగతి గదిలో పడింది. మే నెల ఎండ. తలుపు తీసేసరికే షెడ్డు ఆడవాళ్లు వరసలో ఉన్నారు, ఓటు వేసి అటు నుంచి అటే పనికి పోవాలని. పొరుగూళ్ల నుంచి వచ్చినవాళ్ల కోసం చెబుతాను, మిరపకాయలకి రోజంతా తొడిమలు తీస్తే చేతులు భగ్గున మండిపోతాయి, అందుకని వీళ్లు ఇంట్లో బయల్దేరేటప్పుడే మణికట్టు దాకా ఆముదం పట్టిస్తారు. మా అమ్మ కూడా పర్చూరు వైపు కల్లాల్లో అదే పని చేసింది, ఆవిడ ఆదివారం గుడికొచ్చినా ఆముదం వాసన వచ్చేది. అలవాటు కదా, ఆ రోజు కూడా అందరూ పొద్దున్నే శుభ్రంగా నూనె పట్టించుకుని ఓటుకి వచ్చారు. ఓటు వేసే వేలికి నూనె ఉండకూడదని ఎవరికి తడుతుంది చెప్పండి.

నూనె వేలు వస్తే తుడిచి పూయమని మాకు ఒక గుడ్డ ముక్క ఇస్తారు. తుడిచాను. మొదటి కొందరికి బాగానే తుడిచింది, ఆ తర్వాత ఆ గుడ్డ ఎంత నూనె తాగిందంటే, దానికి వత్తి పెడితే ఆ గదికి కరెంటు అక్కర్లేదు. నా జేబురుమాలు తీశాను, అదీ అయిపోయింది. పక్కాయన తువ్వాలు లాక్కున్నాను, ఆయన ఇప్పటికీ దాని గురించి అడుగుతుంటారు. (నవ్వులు) మొత్తానికి తుడిచాం, పూశాం, అందరూ ఓటేశారు. కాకపోతే ఏళ్ల తరబడి ఆముదం ఇంకిన చర్మం మీద సిరా ఎంతసేపు ఉంటుంది? కొందరికి ఆ సాయంత్రానికే కడుక్కుంటే పోయింది.

ఇంతే జరిగింది. నా కళ్లముందు జరిగింది ఇంతే.

దేశంలో మాత్రం ఇంకేదో జరుగుతోంది. లెక్కింపు కాకముందే గొడవ మొదలైంది. గెలుస్తామనుకున్న చోట ప్రజల తీర్పు అంటారు, ఓడతామనుకున్న చోట మోసం అంటారు, పొద్దున ఒక మాట, రాత్రి ఇంకో మాట. ఆ వేడిలో ఒక ఢిల్లీ ఛానెల్ కుర్రాడు కెమెరా పట్టుకుని షెడ్డుకి వచ్చాడు. అమ్మా ఓటేశారా, వేలు చూపించండి అన్నాడు. ఇక్కడ మూడో వరుసలో కూర్చుందే, మా వీరమ్మ, టీవీలో కనపడతానని మురిసిపోయి, తొడిమలు తీసే చేయి ఆపి, నవ్వుతూ వేలు చూపించింది. దాని మీద సిరా లేదు.

ఆ రాత్రి దేశమంతా వీరమ్మ వేలే. వేలి చుట్టూ ఎర్రటి గీత, వెనక డప్పుల మోత, ఆముదం తాగిన మొహం పెట్టుకుని ఒక యాంకరు, చుట్టూ గళ్లలో ఎనిమిది మంది. సిరా చెరిపేసి రెండోసారి ఓటేసే ముఠా దొరికింది అన్నారు. వాళ్లు మీవాళ్లే అని ఒకాయన, కాదు మీవాళ్లే అని ఇంకొకాయన. అసలు వీరమ్మ ఎవరికి వేసిందో ఆవిడకీ దేవుడికీ తెలియాలి, వీళ్లు మాత్రం పంచుకుంటున్నారు. చివరికి ఒక పెద్దమనిషి వేలి సిరా మీద సైన్సు పాఠం మొదలుపెట్టాడు. అంతా తప్పులే. నా తొమ్మిదో తరగతి పిల్లలైతే ఆయన్ని బెంచీ ఎక్కించి ఉండేవాళ్లు. (నవ్వులు)

నేను సోఫాలోంచి లేచి, అబద్ధం, ఆ వేలికి సిరా పూసింది నేను అని అరిచాను. అప్పుడు మా శ్యామ్ సుందర్ గారు ఏమన్నారో తెలుసా? ఏమండీ, చెప్పమంటారా? తల ఊపుతున్నారు, చెప్పేస్తున్నాను. "నువ్వు అక్కడ ఉన్నావు సరేనే లిడియా, కానీ అసలేం జరిగిందో నీకు తెలియకపోవచ్చు" అన్నారు. (పెద్దగా నవ్వులు, చప్పట్లు) నవ్వకండి, మీ ఇళ్లలోనూ ఇదే బాపతు. సిరా పూసిన మనిషి పక్కనే కూర్చుని ఉంటే, ఆవిణ్ని వదిలేసి టీవీని అడుగుతారు! వెంటనే మా వీధి కేబుల్ ఇమాం హుస్సేన్‌కి ఫోన్ చేసి, బాబూ, ఆ ఛానెల్ పీకెయ్ అన్నాను. పాపం అతను చాలా మర్యాదగా, "పీకొచ్చు మేడం, దాంతోపాటు మీరు చూసే సీరియల్ కూడా పోద్ది" అన్నాడు. అంతటితో నా పోరాటం ఆగిపోయింది. (నవ్వులు) ఛానెల్‌కి ఉత్తరం రాశాను, చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే అయింది.

తర్వాత విచారణ జరిగింది. నన్ను పిలిచారు, వీరమ్మనీ పిలిచారు. అన్నీ సరిచూసి, ఎవరూ రెండోసారి వేయలేదని తేల్చారు. ఆ ముక్క టీవీలో రాలేదు. అడుగున పరిగెత్తే అక్షరాల్లో కూడా రాలేదు, అక్కడ బంగారం ధర పరిగెడుతోంది.

ఒక్క మాట సూటిగా చెబుతాను. ఎన్నికల్లో తేడా ఉందనిపిస్తే అడగాలి. గట్టిగా అడగాలి, అడగొద్దనే హక్కు ఎవరికీ లేదు. జీవితమంతా పిల్లలకి నేను నేర్పింది అదే, ఎందుకు అని అడగమనే. కానీ అడగడమంటే ఎదుటి మనిషి చెప్పింది వినాలి కదా. అంతమంది అన్ని రాత్రులు అరిచారు, అమ్మా, నీ వేలి మీద సిరా ఏమైందమ్మా అని ఒక్కడు వీరమ్మని అడగలేదు. అడిగి ఉంటే అక్కడే అయిపోయేది. అయిపోతే మర్నాటికి వాళ్లకి అరవడానికేం మిగుల్తుంది? నా కోపమంతా అక్కడే. ఇప్పటికీ పోలేదు.

విచారణ రోజున ఈ బడి వరండాలో వీరమ్మ నా పక్కనే కూర్చుంది. చేతులు ఎర్రగా పొంగి ఉన్నాయి. ఇదేంటి వీరమ్మా, నూనె పూసుకోలేదా అన్నాను. మానేశానండీ అంది. అందరూ చేతుల వంకే చూస్తున్నారట, షెడ్డులో రెండోట్ల వీరమ్మ అని పిలుస్తున్నారట, అందుకని ఆ నూనే వద్దనుకుని సబ్బు పెట్టి తోమి తోమి కడుక్కుని, ఒట్టి చేతుల్తో మిరపకాయల్లో కూర్చుంటోంది. ఓటు జోలికి కూడా ఇంక జన్మలో వెళ్లనంది. ఆ మాట నవ్వుతూనే అంది. నేను నవ్వలేకపోయాను. నేను పూసిన సిరాకి ఆ మనిషి ఒట్టి చేతులు కాల్చుకుంటోంది.

అందుకే ఆ తర్వాత బదిలీల కౌన్సెలింగ్‌లో, రిటైరయ్యే ముందు టీచర్లంతా టౌను పక్కన బడులు ఏరుకుంటుంటే, నేను ఈ ఊరు కోరుకున్నాను. బస్సు కూడా సరిగ్గా రాని ఊరండీ అది, పొరపాటున నొక్కినట్టున్నారు అన్నారు అక్కడివాళ్లు. పొరపాటు కాదన్నాను. సిరా సీసాతో వచ్చిన ఊరికి చాక్‌పీసుతో మళ్లీ వచ్చాను. వచ్చాక తెలిసింది, ఈ ఊరి పిల్లలంత గడుగ్గాయలు జిల్లాలో లేరు. నా చివరి రోజులు ఎంత హాయిగా గడిచాయో చెప్పలేను. అందుకే ఇల్లు కూడా ఇక్కడే తీసుకున్నాం, ఓటు కూడా ఇక్కడికే మార్చుకున్నాం. వీరమ్మ రోజూ నాతో మాట్లాడుతుంది, గోంగూర తెచ్చిస్తుంది, తిడుతుంది కూడా. నూనె మాత్రం పూసుకోదు. ఎన్నిసార్లు చెప్పినా నవ్వి ఊరుకుంటుంది.

ఇప్పుడు అందరూ నా ఎడమ వేలు చూడండి. సరిగ్గా చూడండి, పానకాలు గారూ, గడియారం తర్వాత చూద్దురు గాని. ఇంతమంది వేళ్లకి సిరా పూసిన నాకు ఇన్నేళ్లలో ఒక్కసారీ సిరా పడలేదు. డ్యూటీలో ఉన్నవాళ్లం పోస్టల్ బ్యాలెట్ వేస్తాం కదా, వేలు ముట్టుకునేవాళ్లే ఉండరు. ఆ ఛానెల్ వాళ్లు దీనికి ఎర్ర గీత గీసి ఉంటే నేను ఎన్ని ఓట్ల లిడియాని అయ్యేదాన్నో! (నవ్వులు) రాబోయే పంచాయతీ ఎన్నికల్లో మొట్టమొదటిసారి నేను కూడా లైన్లో నిలబడతాను. వరసలో నిలబడే అలవాటు నాకు లేదు, పక్కన తెలిసినవాళ్లు లేకపోతే పోట్లాట పెట్టుకుంటాను, నా సంగతి మీకు తెలుసు. వీరమ్మా, అందుకని అందరి ముందూ అడుగుతున్నాను. నాతో వస్తావా?

(మూడో వరుసలో వీరమ్మ లేచి నిలబడింది.)

"వస్తే నూనె పూసుకుని రావాల్నా, పూసుకోకుండా రావాల్నా టీచరమ్మా?"

పూసుకునే రా వీరమ్మా. ఎప్పట్లాగే మణికట్టు దాకా పట్టించుకుని రా. గుడ్డ నేను తెస్తాను. మీరు కప్పిన ఈ శాలువాలు దానికి పనికిరావు, మెరుపు ఎక్కువ, పీల్చే గుణం తక్కువ, టీవీ చర్చల్లాగా. (నవ్వులు) మా అమ్మ కట్టిన పాత నూలు చీర ఒకటి ఉంది, ఉతికి ముక్కలు చేసి ఊరందరికీ సరిపడా తెస్తాను. లోపలికి రానివ్వకపోతే గుమ్మం బయట నిలబడి తుడుస్తాను. సరేనా?

"అయితే వస్తాలే. ఇంటికి పోతా ఆముదం కొనుక్కెళ్తా. చేతులు మండి చస్తన్నయ్యి." (చాలాసేపు చప్పట్లు)

చూశారా పానకాలు గారూ, ఇంతేనండి. మనిషిని అడిగితే చెబుతుంది.

నా మాట ఓపిగ్గా విన్న పెద్దలకూ, ఇవాళ నా మీద కోప్పడకుండా నవ్విన శ్యామ్ సుందర్ గారికీ, నన్ను మీ దాన్ని చేసుకున్న ఈ ఊరికీ, నన్ను విసిగించి సంతోషపెట్టిన పిల్లలందరికీ నా నిండు మనసుతో ధన్యవాదాలు. మల్లేశ్వరి అప్పుడే వంటింటి వైపు చూస్తోంది, ఇంకా మాట్లాడితే పులిహోర నన్ను క్షమించదు. వీరమ్మ పక్కన నాకో విస్తరి వేయండి, వస్తున్నాను. సెలవు.