పాత ఇంటి కర్ర

(వినుకొండలో మూడు తరాలుగా నాదస్వరాలు చేస్తున్న ఇల్లు. కర్రను తిప్పి చెక్కే తరిమెన దగ్గర నసీమున్నీసా. ఆమె తమ్ముడు అష్రఫ్ గుంటూరు నుంచి ఆ సాయంత్రమే వచ్చాడు.)

“అడిగినదానికి చెప్పక్కా. ఈ కర్ర ఎక్కడిది?”

“చెప్పాగా. పాత ఇంటిది.”

“ఎవరి పాత ఇల్లు?”

“కాస్త అటు జరుగు. పొట్టు కళ్లలో పడుద్ది.”

“పడనీ. నాన్న పోయాక ఒక్క దూలం కొన్నది లేదు నువ్వు. పడగొట్టడానికి పాత ఇళ్లే మిగల్లేదు, అన్నీ శ్లాబులేనని నువ్వే ఏడ్చావు. మరి ఇన్ని నాదస్వరాలు ఎట్టా చేశావు?”

“చేతుల్తో.”

“ఎగతాళొద్దు. మిషన్ మీద చేసినవి బయటినుంచి తెప్పించి మన ముద్ర కొడుతున్నావని ఒంగోల్లో అనుకుంటున్నారు.”

“ఒంగోలు అనుకుంటోందా, నువ్వు అనుకుంటున్నావా?”

“నేనే అనుకో. తాత పేరు పోద్ది, తెలుసా?”

“తాత పేరు నాకు చెబుతున్నావా? సుభానీ తాత, ఊళ్లో సత్రం పడగొడుతున్నారంటే పోయి, దూలాన్ని వేలితో కొట్టి, చెవి ఆనించి విని, భుజాన మోసుకొచ్చి మొదటిది చేశాడు. చెట్టు కొట్టొద్దన్నాడు. పచ్చి కర్ర ఒక్క వేసవికే పగులుద్ది. ఏళ్ల తరబడి పొయ్యి పొగ తాగిన కర్రే పలుకుద్ది. నాన్న కూడా అంతే. చుట్టుపక్కల ఎవరు ఇల్లు విప్పినా ముందు మనకే కబురొచ్చేది. నాన్నా నేనూ పోయేవాళ్లం. నువ్వెప్పుడన్నా ఒక్క దూలం మోశావా?”

“మోయలేదు. అమ్ముతున్నా.”

“ఏంటి అమ్ముతున్నది?”

“నా వాటా. తూర్పు గది. నేల కాదులే, పైన కర్ర. బాపట్ల దగ్గర ఒకాయన రిసార్టు కడుతున్నాడు. పాత నారేపి చెక్క దూలాలంటే పడి చస్తున్నాడు. రేపు పొద్దున లారీ వస్తుంది. మాటిచ్చేశా.”

“నన్ను అడక్కుండానా?”

“నా గదికి నిన్నడగాలా? పెద్దలు కూర్చుని పంచారు. నువ్వూ తలూపావు.”

“ఇల్లు పంచారు. పని పంచలేదు.”

“పని, పని! నీ తర్వాత ఎవరు చేస్తారే ఈ పని?”

“నా తర్వాత సంగతి నా తర్వాత. ఇప్పుడు నేనున్నా.”

“ఉండు, నేను వద్దన్నానా? నా గది తాళం ఇటివ్వు. దూలాలు ఒకసారి చూసుకోవాలి.”

“తలుపుకే ఉంది. పో, చూసుకో.”

“లైటెక్కడ? ఆఁ... అక్కా. అక్కా! ఇదేంటే?”

“ఏంటి?”

“ఇనుప గొట్టాలు! కొడితే ఖంగుమంటున్నాయి. పైన మొత్తం ఇనుప గొట్టాలు!”

“కర్ర రంగు బాగా కుదిరింది కదా. పోయిన రంజాన్‌కి వాటి కిందే పడుకున్నావు. గురక కూడా పెట్టావు.”

“నా దూలాలేవి? ఎవరికమ్మావు?”

“కర్ర అమ్మే వంశం కాదురా మనది.”

“మరి ఏమైనాయి? రేపు లారీ వస్తే ఆయనకి ఏం చూపించను?”

“ఆ కిటికీ తెరువు. గుళ్లో పల్లకీ లేచింది. రోశయ్య మామ ఊదుతున్నాడు, వినపడుతోందా? అది నీ నడి దూలం.”