ఏమనదు

కొత్తకోట దాటాక హైవే పక్క బీడులో కారాపిన పెద్దమనిషి తన నల్లకుక్క గొలుసు విప్పేశాడు. అది తిన్నగా అక్కడ మేస్తున్న గొర్ల మందలో పడింది. గొర్లామె ఒక చేత తన కుక్క తాడు, ఇంకో చేత కర్ర పట్టుకుని పరుగున వచ్చింది.

“సారూ, కుక్కను కట్టేయ్! నా గొర్లు సూడి మీదున్నయి. బెదిరి ఉరికితే కడుపులు పోతయి.”

“ఏమనదమ్మా, ఆడుకుంటాంది.”

“ఆడుకునుడా? తోకలు పీకుతాంది!”

“ట్రైనింగ్ ఇప్పించిన. నా మాట ఇంటది.”

“అయితే పిలువు మరి.”

“బ్రూనో! బ్రూనో, ఇటు రా!”

కుక్క తలైనా తిప్పలేదు.

“చెవులు ఇంట్లనే మరిచొచ్చిందా సారూ?”

“నీ కర్రను చూసి భయపడ్డది. ముందు అది కింద పడెయ్.”

ఆమెకు ఒళ్లు మండిపోయింది.

“నా కుక్కను నేను తాడేసి పట్టుకున్న. నీదాన్నెందుకు ఇడిసినవ్?”

“నీది ఊరకుక్క, నమ్మలేం. దీని జాతి వేరు. పసిపిల్ల లెక్క ఉంటది.”

అంతలో కారు తలుపు తెరుచుకుంది. లోపలినుంచి ఒక చిన్నపాప కాలు బయటపెట్టింది.

“దిగకు బిడ్డా!” పెద్దమనిషి గొంతు చించుకున్నాడు. “తలుపేసుకో! బ్రూనోను ఇడిసిన!”

గొర్లామె అతని మొహంలోకి చూసింది.

“మమ్ములనైతే ఏమనదు. గంతేనా సారూ?”

తుపుక్కున ఉమ్మి, కర్రెత్తి నల్లకుక్క మీదికి నడిచింది.