కారు రేడియో మూగనోము

కార్ల వైరింగు షాపు. పాత కారులో డాష్‌బోర్డు కింద తల దూర్చి షాపు యజమాని. పక్క సీట్లో టార్చిలైటు పట్టుకుని, కారు తెచ్చిన బావమరిది.

"లైటు కాస్త ఇటు తిప్పరా. నా మొహం మీద కాదు."

"నీ మొహం చూసి చాన్నాళ్ళయింది కదా బావా, చూసుకోనీ. ఏం, గడ్డం పెంచుతున్నావా?"

"తీరిక లేదు. ఫ్యూజు బాగానే ఉంది. నిన్నటిదాకా పాడిందన్నావ్?"

"శుభ్రంగా పాడింది. పొద్దున్నుంచి మూగనోము పట్టింది. లైటు వెలుగుతుంది, నోరు మాత్రం తెరవదు. అచ్చం మా అక్కా నువ్వూ ఉన్నట్టు."

"రేడియో సంగతి అడిగితే రేడియో సంగతే చెప్పు."

"సరే, సరే."

"ఇంట్లో... అందరూ బాగున్నారా?"

"అందరూ అంటే? నేనూ, మా ఆవిడా, పిల్లలూ. బాగున్నాం."

"ఇంకా?"

"ఇంకా ఎవరున్నారబ్బా? ఓ, కుక్కపిల్లా? అదీ బాగుంది."

"ఒరేయ్."

"అక్క పేరెత్తితే నీ సొమ్మేం పోతుంది బావా? బాగుంది. మా బీరువాలన్నీ సర్దేసింది. నా చొక్కాలెక్కడున్నాయో నాకే తెలీదు. మా ఆవిడ తన వంటింట్లోకి తనే అడిగి వెళ్తోంది. వచ్చి తీసుకెళ్ళు, నీకు పుణ్యముంటుంది."

"వెళ్ళింది తనే. దారి తెలుసు, తనే రావచ్చు."

"మీ వంటింట్లో లైటు బాగయ్యేదాకా నీ గడప తొక్కనంది. లోకంలో కార్లన్నిటికీ లైట్లు వెలిగిస్తావు, పెళ్ళాం మాత్రం చీకట్లో తడుముకోవాలా? అందులో తప్పేముంది?"

"ఆ లైటు వెలుగుతోంది."

"ఎప్పట్నించి?"

"తను వెళ్ళిన సాయంత్రం నుంచీ. ఆ స్క్రూడ్రైవరు ఇలా ఇవ్వు."

"మరి ఆ ముక్క చెప్పొచ్చు కదా."

"అడిగితే చెబుదును. ఎవరూ అడగలేదు."

"మహానుభావుడివి. ఆయన రాకుండా నా అంతట నేను వెళ్తే లోకువైపోతానని అక్కడ ఆవిడ. అడగలేదని ఇక్కడ నువ్వు. మధ్యలో నా చొక్కాలు పోయాయి."

"నవ్వించకు, చెయ్యి జారుతుంది."

"నవ్వితే నవ్వు. నవ్వి కూడా చాన్నాళ్ళయినట్టుంది."

"ఇల్లు బాగాలేదురా. ఆ లైటు వేసుకుని దాని కింద ఒక్కణ్ణే కూర్చుంటున్నా. ఇవాళ వస్తుందిలే అనుకోవడం, రాకపోవడం. ఇక రాదేమోనని భయంగా ఉంది."

"ఈ మాట నాకు కాదు, ఆవిడకి చెప్పు."

"ఆగు. దొరికింది. స్పీకరు తీగ విడిగా ఉంది."

"ఊడిపోయిందా?"

"ఊడిపోలేదు, ఊడదీశారు. కొసకి టేపు కూడా చుట్టారు. ఉత్త తీగ కారు బాడీకి తగిలితే రేడియో కాలిపోతుందని. నువ్వేనా? నన్ను కదిలించడానికి వేసిన ఎత్తా ఇది?"

"నేనా? బల్బు మార్చాలన్నా నిన్ను పిలిచేవాణ్ణి బావా. మా ఆవిడ మీద ఒట్టు."

"మరి దారి పొడుగునా ఇన్ని షాపులుండగా ఇంత దూరం ఎందుకొచ్చావ్?"

"అక్కే పంపింది. పాత రేడియో, ఎవరి చేతుల్లోనో పెట్టి పాడు చేసుకోకు అంది."

"తను పంపిందా?"

"ఆ. ఏం బావా, ఆ టేపు అలా తిప్పి చూస్తున్నావ్?"

"ఈ టేపు చూడు. కొస మడిచి ఉంది చూశావా? తర్వాత విప్పేవాడికి గోరు ఆనాలని నేనిలా మడుస్తాను. ఇంకే షాపులోనూ మడవరు. పెళ్ళైన కొత్తలో నా పక్కన ఈ బల్ల దగ్గరే కూర్చుని ఒక్క మనిషి నేర్చుకుంది."

"ఓసి అక్కా..."

"కారు తాళాలివ్వు."

"షాపో?"

"మూసేస్తా."

"తీగ తగిలించవా మరి?"

"ఊడదీసిన మనిషే తగిలిస్తుంది. మీ ఇంటికి పద."