ఐదు గంటల చార్టు

మధ్యాహ్నం రెండున్నర. దిద్దాల్సిన జవాబు పత్రాల కట్టలు ఓ పక్కకి నెట్టిన భోజనాల బల్ల దగ్గర కాలేజీ లెక్కల మాస్టారు, చేపపిల్లల హేచరీలో సూపర్‌వైజరుగా చేస్తున్న ఆయన బావమరిది.

"నిలబడి మాట్లాడకు రా, పైకి చూసి చూసి నా మెడ పట్టేస్తోంది. కూర్చో."

"కూర్చునే టైము లేదు బావా. నాలుగింటికల్లా కాగితం ఓనరు బల్ల మీద ఉండాలి. నాలుగు లైన్లు రాసి సంతకం పెట్టు, చాలు."

"ఏమని రాయాలి?"

"చెప్పాను కదా. మేస్త్రి తొట్టిలో రెండోసారి మందు వేశాడని లెక్కలో తేలింది, అని. నువ్వు లెక్చరర్‌వి, నీ మాటంటే ఓనరుకి గురి."

"లెక్కలో తేలిందా, నువ్వు తేల్చావా?"

"వేళాకోళం వద్దు బావా. లక్ష చేపపిల్లలు పోయాయి. మొన్న మధ్యాహ్నానికి తొట్టి నిండా తెల్లగా తేలిపోయి ఉన్నాయి. నేను అన్నం తిని రెండు రోజులైంది."

"మేస్త్రి అంటే ఆ పెద్దాయనేనా, నువ్వు బాబాయ్ అంటుంటావు?"

"ఆయనే."

"నీకు పని నేర్పినాయన."

"నేర్పాడు. కాదన్నానా? పని నేర్పినంత మాత్రాన తప్పే చెయ్యకూడదని ఉందా?"

"ఈ కాగితం వెళ్తే ఆయన్ని ఏం చేస్తారు?"

"తీసేస్తారు."

"ఇరవై ఏళ్ళు చేసిన మనిషిని?"

"ఇరవై మూడు. బావా, టైము."

"ఆయనేమంటున్నాడు?"

"ఆయన సంగతి తర్వాత మాట్లాడుకుందాం. ముందు లెక్క చూడు, చిన్నదే. తొట్టిలో పదివేల లీటర్ల నీళ్ళు. పొద్దున్న ఆరింటికి ఐదు వందల గ్రాముల మందు వేశాం, పురుగూ బూజూ చావడానికి. వెంటనే రెండు పైపులూ తిప్పాం. గంటకి రెండు వేల లీటర్ల మంచినీళ్ళు లోపలికి, రెండు వేల లీటర్లు బయటికి. పది వేలని రెండు వేలతో భాగిస్తే ఐదు. అంటే పదకొండింటికి తొట్టి శుభ్రం. అవునా?"

"వేశాం అంటే, ఎవరు వేశారు?"

"నేనే. దగ్గరుండి తూచి వేశాను. మేస్త్రి తొమ్మిదింటికి డ్యూటీకొచ్చాడు. పదకొండింటికి పిల్లల్ని వదిలాడు. వదిలేముందు ఓ సీసాలో నీళ్ళు పట్టి ఉంచడం మా దగ్గర అలవాటు. ఏదైనా జరిగితే తప్ప ఆ సీసా ఎవరూ ముట్టుకోరు. పిల్లలు తేలాక ల్యాబుకి పంపాం. లీటరుకి పద్దెనిమిది మిల్లీగ్రాములంటున్నారు. తొట్టి మొత్తానికి నూట ఎనభై గ్రాములు. మరి ఎక్కడిది ఆ నూట ఎనభై? తొమ్మిదికీ పదకొండుకీ మధ్య ఆయన వెయ్యకపోతే ఆకాశంలోంచి పడిందా?"

"కాలు ఊపకు, బల్ల కదులుతోంది. ఒకటి చెప్పు. తొట్టిలో నీళ్ళు బాగా కలుస్తాయా?"

"గాలి పైపులు బుడబుడమంటూనే ఉంటాయి. ఓ మూల చెంబెడు రంగు పోస్తే క్షణంలో అన్ని మూలలకీ పాకుతుంది."

"అయితే బయటికి పోయేవి ఏ నీళ్ళు?"

"తొట్టిలో నీళ్ళే."

"పాత నీళ్ళా, కొత్త నీళ్ళా?"

"అదేం ప్రశ్న? రెండూ కలిసిన... బావా, పాఠం వద్దు. ప్లీజ్."

"సంతకం నాది. పాఠం లేకుండా రాదు. కాగితం తీసుకో. ఊఁ, పెన్ను కూడా. తొట్టిలో ఉన్న మందు ఎమ్ గ్రాములు అనుకో. టీ అంటే గంటలు. గంటకి తొట్టిలో ఐదో వంతు నీళ్ళు బయటికి పోతున్నాయి. వాటితో పాటు మందు ఎంత పోతుంది?"

"వంద గ్రాములు."

"ఎప్పుడూ వందేనా?"

"ఐదు వందల్లో ఐదో వంతు వందే కదా."

"ఐదు వందలున్నప్పుడు. రెండు వందల యాభై మిగిలినప్పుడు?"

"అప్పుడు... అప్పుడు యాభై."

"మరి నీ వంద ఏమైంది?"

"అంటే, ఉన్నది తగ్గేకొద్దీ పోయేది కూడా తగ్గుతుందా?"

"నేనేం అనలేదు, నువ్వే అన్నావు. రాయి. డీఎమ్ బై డీటీ ఈజీక్వల్ టు మైనస్ ఎమ్ బై ఐదు. పాలిటెక్నిక్‌లో నీకు ఇది నేనే చెప్పాను."

"నువ్వు చెప్పావు, నేను తప్పాను. ఆ గొడవ ఇప్పుడెందుకు?"

"చలరాశుల్ని విడదియ్యి. ఎమ్‌కి సంబంధించినవన్నీ ఎడమవైపు, టీకి సంబంధించినవన్నీ కుడివైపు. ఒకదాని ఇంట్లో ఇంకొకటి ఉండకూడదు."

"ఎమ్‌తో భాగించాలి. డీటీని అటు పంపాలి. డీఎమ్ బై ఎమ్... ఇటు మైనస్ డీటీ బై ఐదు. సరేనా?"

"చూశావా, మర్చిపోలేదు. ఇప్పుడు రెండువైపులా సమాకలనం."

"ఇటు లాగ్ ఎమ్. అటు మైనస్ టీ బై ఐదు. అయిపోయింది."

"సీ ఏది, స్థిరాంకం?"

"చివర్లో కలుపుతా."

"ఇదే నీ పాత రోగం. అన్నీ అయ్యాక గుర్తొచ్చి తోకలా తగిలిస్తావు. ఇప్పుడే, ఇక్కడే కలపాలి. సీ లేకపోతే తొట్టిలో నువ్వు ఎంత వేశావో ఈ లెక్కకి తెలీదు. పావుకిలో వేసినా పది కిలోలు వేసినా దానికి ఒకటే."

"కలిపాను, కలిపాను. ఆరింటికి టీ సున్నా, ఎమ్ ఐదు వందలు. అంటే సీ... లాగ్ ఐదు వందలు."

"లాగ్ విప్పు."

"ఎమ్ ఈజీక్వల్ టు ఐదు వందలు ఇంటూ ఈ పవర్ మైనస్ టీ బై ఐదు. బావా, రెండూ నలభై అయింది. ఇప్పుడు రాస్తావా?"

"పదకొండింటికి టీ ఎంత?"

"ఐదు."

"పెట్టు. ఫోన్లో కాలిక్యులేటర్ ఉందిగా."

"ఐదు బై ఐదు ఒకటి. ఈ పవర్ మైనస్ ఒకటి... సున్నా పాయింట్ మూడు ఆరు ఎనిమిది. ఇంటూ ఐదు వందలు..."

"ఎంతొచ్చింది?"

"తప్పు నొక్కినట్టున్నాను."

"మళ్ళీ నొక్కు."

"మళ్ళీ అదే వస్తోంది."

"ఎంతరా?"

"నూట ఎనభై నాలుగు."

"సీసా లెక్కన తొట్టిలో ఎంత?"

"నూట ఎనభై."

"నాలుగు గ్రాముల తేడా. ల్యాబు కొలతలో ఆ మాత్రం ఉంటుంది."

"ఇంకోసారి చేద్దాం బావా. మొదటినుంచీ."

"ఎన్నిసార్లు చేసినా అంతే. రెండోసారి ఎవరూ వెయ్యలేదు. నువ్వు ఆరింటికి వేసిందే పదకొండింటికీ ఉంది, మూడో వంతుకి పైగా."

"పైపు గంటకి మూడు వేలు వదిలిందనుకుందాం. మీటరు ఒక్కోసారి తక్కువ చూపిస్తుంది. మూడు వేలంటే... ఆగు... నూట పన్నెండే వస్తుంది. అప్పుడు మిగతా డెబ్బై ఆయన వేసినట్టే కదా?"

"మీటరు ఎప్పుడైనా తక్కువ చూపించిందా?"

"చూపించి ఉండొచ్చు."

"చూపించిందా?"

"లేదు."

"అయితే ఎవరిని మోసం చేస్తున్నావు, నన్నా, ఓనరునా?"

"నా పరిస్థితి నీకర్థం కావట్లేదు బావా. ఆ ఐదు గంటలు ఎక్కడ రాసున్నాయో తెలుసా? గోడ మీద చార్టులో. ఆ చార్టు నేనే రాసి, లామినేషన్ చేయించి, నేనే తగిలించాను. ఓనరు అందరి ముందూ నా భుజం తట్టాడు, రోజు పని ఐదు గంటల్లోకి తెచ్చావు అని."

"అంతకు ముందు ఎలా చేసేవాళ్ళు?"

"మేస్త్రి పైపులు తిప్పి వదిలేసేవాడు. మర్నాడు పొద్దున్నే పిల్లల్ని వదిలేవాడు. ఎందుకు బాబాయ్ అంత సేపు అంటే, నీళ్ళు తేటపడాలి కదరా అనేవాడు. కారణం చెప్పలేకపోయేవాడు."

"పిల్లలు ఎంత మందుని తట్టుకుంటాయి?"

"తొట్టికి ఇరవై గ్రాములు. అంతకు మించితే కష్టం."

"ఐదు వందలు ఇరవైకి రావాలంటే పదహారు గంటల పైన పడుతుంది. సాయంత్రం తిప్పితే మర్నాడు పొద్దున్నే. ఆయన లెక్క కట్టలేదేమో గానీ ఆయన చేసిందే లెక్క. కొత్త చార్టు ప్రకారం ఇది ఎన్నో బ్యాచి?"

"మొదటిది."

"ఆయన ఒప్పుకున్నాడా, ఐదు గంటలకి?"

"రేపు వదులుదాంరా అన్నాడు. చార్టు చూపించాను."

"చూడు, నేను కాగితం రాస్తాను. ఇప్పుడు మనం కట్టిన లెక్క రాస్తాను, కింద సంతకం కూడా పెడతాను. అది తీసుకెళ్ళి నాలుగింటికి నువ్వే ఇవ్వాలి."

"నా ఉద్యోగం పోతుంది."

"పోవచ్చు. మాట తప్పించకు, ఇందాకణ్ణించీ అడుగుతున్నాను. మేస్త్రి ఏమన్నాడు?"

"ఆయన... మొదట వెయ్యలేదన్నాడు."

"మొదట అంటే?"

"నిన్న చార్టు ముందు నిలబెట్టాను. గంటకి వంద బాబాయ్, ఐదు గంటలకి ఐదు వందలు, ఇక ఏమీ మిగలదు, మరి ఈ నూట ఎనభై ఎక్కడిది అన్నాను. వెయ్యలేదురా అన్నాడు. వేళ్ళ మీద లెక్కపెట్టి చూపించాను. మళ్ళీ మళ్ళీ అడిగాను. మధ్యాహ్నం దాకా అడుగుతూనే ఉన్నాను."

"ఊఁ."

"చాలాసేపు తన చేతులకేసి చూసుకున్నాడు. నువ్వు చదువుకున్నవాడివి, నీ లెక్క తప్పదు, అయితే నేనే వేసి మర్చిపోయుంటాను రా, అన్నాడు."

"ముందు ఆయనకి ఫోన్ చెయ్యి. ఓనరు సంగతి తర్వాత. ఇంట్లోనే ఉంటాడా?"

"లేడు."

"మరి?"

"నరాల డాక్టరు దగ్గర ఉన్నాడు. మతిమరుపని పేరు రాయించి, నేనే కూర్చోబెట్టి వచ్చాను బావా."